33 ఏళ్లు రాయి లేని సమాధి: బెస్సీ స్మిత్‌నూ, ఆమె అభిమానులనూ గుర్తు చేసుకుంటూ

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరానికి దగ్గర్లో షారన్ హిల్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్లోని మౌంట్ లాన్ శ్మశానంలో 1937 అక్టోబర్ 4న ఒక నల్లజాతి గాయనిని పూడ్చిపెట్టారు. చివరి చూపు కోసం వచ్చిన జనం అంత్యక్రియల ఇంట్లో పట్టలేదు. భౌతికకాయాన్ని నల్లవాళ్ల సంఘం హాలుకు మార్చాల్సి వచ్చింది. శవపేటిక ముందు నుంచి నడిచి వెళ్లినవాళ్లు దాదాపు 10,000 మంది, అంత్యక్రియలకు వచ్చినవాళ్లు 7,000 మంది అని ఆమె చరిత్ర రాసినవాళ్లు లెక్క చెప్పారు. ఇంతమంది సాగనంపిన మనిషి సమాధి మీద ఆ తర్వాత 33 ఏళ్ల పాటు పేరు చెక్కిన రాయి లేదు.

ఆమె బెస్సీ స్మిత్. జనం పెట్టుకున్న పేరు 'బ్లూస్ మహారాణి'. ఈరోజు బ్లూస్ అనగానే పరిశోధకులు, పాత రికార్డులు సేకరించేవాళ్లు గుర్తొస్తారు గానీ, 1920లలో అది జనం నోళ్లలో నానే పాట. పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు, దొరల ఇళ్లలో బట్టలు ఉతికేవాళ్లు, రైళ్లలో సామాన్లు మోసేవాళ్లు 75 సెంట్లు పెట్టి కొనుక్కున్న పాట. దక్షిణాదికి వెళ్లే రైళ్లలో పనిచేసే నల్ల పోర్టర్లు నగరాల్లో రికార్డులు కొని, దారిలోని పల్లెల్లో అమ్ముకునేవాళ్లు. ఆ పాటను ఊరూరికీ చేర్చింది వాళ్లే.

బెస్సీ టెన్నెసీ రాష్ట్రంలోని చాటనూగాలో పుట్టింది. పుట్టింది ఏ ఏడాదో కూడా ఒక్క మాట మీద లేదు. ఒక జనాభా లెక్క 1892 అంటే, ఇంకోటి 1894 అంది. పేదల పుట్టుకకు కాగితం ఎక్కడుంటుంది? కూలి చేసుకుంటూ అప్పుడప్పుడూ బాప్టిస్టు చర్చిలో ప్రసంగాలు చేసే తండ్రి ఆమె పసితనంలోనే పోయాడు. తొమ్మిదేళ్లు వచ్చేసరికి తల్లి కూడా లేదు. పెద్దక్క వయోలా ఇంటిని లాక్కొచ్చింది. బెస్సీ, అన్న ఆండ్రూ వీధిన పడ్డారు. అతను గిటార్ వాయిస్తుంటే ఆమె సారా దుకాణం ముందు పాడి, ఆడి చిల్లర ఏరుకునేది. మరో అన్న క్లారెన్స్ తిరుగుడు నాటక బృందంలో చేరాడు. 1912లో ఆ బృందం చాటనూగాకు వచ్చినప్పుడు చెల్లెలికి అవకాశం ఇప్పించాడు. అయితే ఆమెను తీసుకుంది డ్యాన్సర్‌గా. పాడటానికి అప్పటికే అక్కడ మా రైనీ ఉంది. బ్లూస్‌కు తల్లిగా చెప్పుకునే ఆవిడ.

తర్వాత పదేళ్లకు పైగా గుడారాలు, చిన్న థియేటర్లు. నల్లవాళ్ల కోసం నడిచే థియేటర్ల గొలుసులో తిరుగుతూ, ముఖ్యంగా అట్లాంటాలోని ఎయిటీవన్ థియేటర్‌లో ఆమె పేరు తెచ్చుకుంది. మైకులు లేని కాలం. చివరి వరుసలో నిలబడ్డవాడికి కూడా మాట మాటా వినబడాలి. ఆ గొంతు అలా తయారైంది.

ఇక్కడ మన ఉద్యమాల్లో ఉన్నవాళ్లు ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. ఆమె గొంతు మొదట రికార్డు చేసింది నల్లవాళ్ల కంపెనీ కాదు. బ్లాక్ స్వాన్ అని నల్లవాళ్లే పెట్టుకున్న రికార్డు కంపెనీ ఒకటి ఉండేది. దాని డైరెక్టర్లలో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ఒకరు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1946లో ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే. ఆ కంపెనీ బెస్సీ పాట విని వద్దంది. మరీ మొరటు అనుకుంది. జాతి పరువు నిలబెట్టే సంగీతం కావాలి వాళ్లకు. తెల్లవాళ్ల ముందు మర్యాదగా కనబడాలన్న తపనలో, సొంత వాడలో పుట్టిన గొంతు నాటుగా వినబడింది. ఇది డుబాయిస్ గొప్పతనాన్ని తగ్గించే మాట కాదు. చదువుకున్న తరం తన వెనక ఉన్న జనం పాటను ఎలా వింటుందన్న ప్రశ్న. డప్పు సభా వేదిక ఎక్కడానికి ఎంత కాలం పట్టిందో మనకు తెలుసు కదా.

1923 ఫిబ్రవరిలో కొలంబియా కంపెనీ ఆమెతో మొదటి రికార్డు చేయించింది. 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' అనే ఆ పాటను ఆల్బర్టా హంటర్, లవీ ఆస్టిన్ అనే ఇద్దరు నల్ల మహిళలు కట్టారు. ఆరు నెలలు తిరక్కుండానే 7,80,000 కాపీలు అమ్ముడయ్యాయని చెబుతారు. అప్పట్లో నల్లవాళ్ల కోసం వేసే రికార్డులకు 'రేస్ రికార్డులు' అని విడిగా కేటలాగు ఉండేది. పాటకు కూడా వెలివాడ.

డబ్బు సంగతి చూడండి. పియానో వాయించిన క్లారెన్స్ విలియమ్స్ నల్లవాడే. ఒప్పందంలో తన పేరు దూర్చుకుని, పాటకు వచ్చే 125 డాలర్లలో సగం నొక్కేశాడు. సంగతి తెలిసి బెస్సీ, ఆమె చేసుకోబోయే జాక్ గీ అతని ఆఫీసుకు వెళ్లి, గట్టిగానే పోట్లాడి ఆ ఒప్పందం నుంచి బయటపడ్డారు. తర్వాత కొలంబియా తరఫున ఫ్రాంక్ వాకర్ నేరుగా రాయించుకున్న ఒప్పందంలో రాయల్టీ నిబంధన ఉన్న చోటు కొట్టేసి ఉంది. పాటకు ఇంత అని ఇస్తారు, అంతే. లక్ష అమ్మినా పది లక్షలు అమ్మినా ఆమెకు అదే. దాదాపు 160 పాటలు ఆ కంపెనీకి అలాగే పాడింది.

స్టేజీ మీద మాత్రం బాగా సంపాదించింది. మంచి రోజుల్లో వారానికి 2,000 డాలర్ల దాకా తీసుకునేది. ఆనాటి నల్ల కళాకారుల్లో అంత ఎవరికీ రాలేదంటారు. 1925లో సొంతంగా ఒక రైలు పెట్టె చేయించుకుంది. పసుపు రంగు, పక్కన ఆకుపచ్చ అక్షరాలతో ఆమె పేరు. అది దర్జా కోసమే అనుకుంటే పొరపాటు. దక్షిణాదిలో నల్లవాళ్లకు హోటల్ గది ఇవ్వరు, భోజనం పెట్టరు, మరుగుదొడ్డికి వెళ్లనివ్వరు. వేలమంది టికెట్టు కొని చూసే గాయని రాత్రికి ఎవరి పంచన పడుకోవాలో వెతుక్కోవాలి. బృందం మొత్తం తినడానికి, పడుకోవడానికి ఆ పెట్టె ఒక ఇల్లయింది. ఊరు చోటివ్వకపోతే ఇల్లే వెంట తీసుకెళ్లింది.

ఆమె గురించి కథలు చాలా ఉన్నాయి. 1927లో నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో ప్రదర్శన జరుగుతుంటే ముసుగులేసుకున్న క్లూ క్లక్స్ క్లాన్ మనుషులు గుడారం మేకులు పీకబోయారు. తోడుగా వచ్చిన మగవాళ్లు జారుకున్నారు. బెస్సీ ఒక్కతే ఎదురెళ్లి, పిడికిలి ఊపి, బూతులు తిట్టి వాళ్లను చీకట్లోకి తరిమి, వచ్చి పాట ఎత్తుకుందట. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో పేరున్న తెల్ల రచయిత ఇంట్లో విందుకు పాడింది. వెళ్లేటప్పుడు ఆ ఇంటి ఇల్లాలు మెడ పట్టుకుని ముద్దు పెట్టబోతే ఒక్క తోపు తోసి కింద పడేసింది. తెల్లవాళ్ల మెప్పు కోసం ఆమె ఎన్నడూ వంగలేదు.

బాగా తాగేది. కొట్టేది, దెబ్బలూ తినేది. జాక్ గీతో కాపురం గొడవల మధ్యే నడిచి 1929 నాటికి తెగిపోయింది. మగవాళ్లతోనే కాదు, ఆడవాళ్లతోనూ ప్రేమలు నడిపింది. వాటిని పెద్దగా దాచుకోలేదు. ఆమెను దేవతను చేసి ఇవన్నీ తుడిచేసే వ్యాసాలు కొన్ని చదివాను. నాకు నచ్చలేదు. ఏంజెలా డేవిస్ 1998లో రాసిన పుస్తకంలో చూపింది ఇదే: పేద నల్ల మహిళ తన కోరిక, తన కోపం, తన అద్దె బాకీ గురించి తానే మాట్లాడిన మొదటి బహిరంగ వేదిక ఈ పాటలు. వరదలో ఇల్లు పోయిన మనిషి గురించి పాడింది. పేదవాడి కష్టం మీద బతికే ధనికుడిని నిలదీస్తూ పాడింది.

1929 మాంద్యం ఆమె వ్యాపారాన్ని కూల్చింది. రికార్డులు కొనే చేతుల్లో కూలి లేదు. 1931లో కొలంబియా వదిలేసింది. 1933లో జాన్ హామండ్ అనే యువ నిర్మాత చివరిసారి నాలుగు పాటలు రికార్డు చేయించాడు, పాటకు 37.50 డాలర్ల చొప్పున. అయినా ఆమె స్టేజీ దిగలేదు. కొత్త పాటలు ఎత్తుకుని మళ్లీ నిలదొక్కుకుంటోంది.

1937 సెప్టెంబర్ 26 తెల్లవారుజామున మెంఫిస్ నుంచి క్లార్క్స్‌డేల్ వైపు వెళ్లే 61వ నంబరు రోడ్డు మీద, ఆమె సహచరుడు రిచర్డ్ మోర్గన్ నడుపుతున్న కారు ఒక ట్రక్కును వెనక నుంచి గుద్దింది. బెస్సీ కుడి చెయ్యి మోచేతి దగ్గర దాదాపు తెగిపోయింది. చేపల వేటకు బయల్దేరిన హ్యూ స్మిత్ అనే తెల్ల డాక్టర్ ఆగి చికిత్స మొదలుపెట్టాడు. అంతలో ఇంకో కారు వచ్చి ఆగి ఉన్న డాక్టర్ కారును గుద్దింది. చివరికి అంబులెన్సులు వచ్చాయి. ఆమెను క్లార్క్స్‌డేల్‌లోని నల్లవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లారు. చెయ్యి తీసేశారు. ఆ ఉదయమే చనిపోయింది.

కొద్ది వారాలకే మరో కథ బయల్దేరింది. తెల్లవాళ్ల ఆసుపత్రి గేటు దగ్గర నుంచి తిప్పి పంపితే రక్తం కారి చనిపోయిందని. ఇదే జాన్ హామండ్ విన్న మాటగా ఒక సంగీత పత్రికలో రాశాడు. 1959లో ఎడ్వర్డ్ ఆల్బీ దాని మీద నాటకం రాశాడు. ప్రపంచమంతా నమ్మింది. క్రిస్ ఆల్బర్ట్‌సన్ డాక్టర్‌ను కలిసి, వివరాలు సేకరించి 1972లో జీవితచరిత్ర వేసిన తర్వాత గానీ అసలు సంగతి తేలలేదు. ఆమెను ఏ తెల్ల ఆసుపత్రికీ తీసుకెళ్లనే లేదు.

దీన్ని పట్టుకుని, చూశారా, వివక్ష కథ అబద్ధం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. డాక్టర్ చెప్పిన మాట సారాంశం మాత్రం వేరు. 1937లో మిసిసిపి డెల్టాలో నల్ల మనిషిని తెల్లవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా ఏ అంబులెన్స్ డ్రైవరుకూ రాదు. రెండు ఆసుపత్రుల మధ్య అర మైలు కూడా లేదు. తిప్పి పంపాల్సిన పనే లేదు, ఎందుకంటే ఆ గేటు దాకా ఎవరూ వెళ్లరు. పుకారులో ఒక ఆసుపత్రి, ఒక గుమాస్తా దోషులు. నిజంలో రోడ్డు, అంబులెన్సు, డ్రైవరు బుర్రలోని దారి, అన్నీ ముందే విడదీసి ఉన్నాయి. నాకు పుకారు కంటే ఈ నిజమే భయంకరంగా కనిపిస్తుంది. మన దగ్గర నిజనిర్ధారణకు వెళ్లే విద్యార్థులు ఈ కేసును ఒకసారి చదివితే మంచిది. రెండు గ్లాసులు బల్ల మీద కనబడని టీ కొట్టు ముందు, వాడ మనిషి అసలు ఆగుతాడా లేదా అని కూడా చూడాలి.

చనిపోయాక ఆమెను బతికించింది అభిమానులే. న్యూ ఆర్లియన్స్‌లో పనులు చేసుకుంటూ ఆ రికార్డులు విన్న పిల్ల మహాలియా జాక్సన్ అయింది. జేమ్స్ బాల్డ్విన్ స్విట్జర్లాండ్ కొండల్లో ఒక పల్లెకు టైప్‌రైటర్, బెస్సీ రికార్డులు తీసుకెళ్లి, తన మొదటి నవలను ఆమె గొంతు వింటూ పూర్తి చేశాడు. 1965లో పిట్స్‌బర్గ్‌లో ఆగస్ట్ విల్సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఆమె రికార్డును ఒకే కూర్చున్న చోట 22 సార్లు విన్నాడు. తన చుట్టూ ఉన్న మనుషుల మాటల్లో సాహిత్యం ఉందని అప్పుడే తెలిసిందని తర్వాత చెప్పుకున్నాడు. నల్లవాళ్ల ఒక్కో దశాబ్దం మీద ఒక్కో నాటకం రాసింది అతనే.

సమాధి మాత్రం అలాగే ఉంది. రాయి కోసం అభిమానులు పోగేసిన డబ్బు జాక్ గీ జేబు దాటి బయటకు రాలేదని చరిత్రకారులు రాశారు. 1970లో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక నల్ల గృహిణి, ఇంత గొప్ప గాయనికి రాయి లేదేమని స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. పత్రికవాళ్లు రెండు ఫోన్లు చేశారు. ఒకటి, బెస్సీ పాటలు వింటూ గొంతు దిద్దుకున్న తెల్ల రాక్ గాయని జానిస్ జాప్లిన్‌కు. రెండోది జువానిటా గ్రీన్‌కు. ఈమె చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో వంటగది నేల తుడిచిన పిల్ల. పాటల పోటీలో పాడితే, పాట మానేసి బడికి పొమ్మని బెస్సీయే చెప్పిందట. ఆమె చదివి నర్సయింది, నర్సింగ్ హోములు పెట్టింది, నల్లవాళ్ల హక్కుల సంఘం స్థానిక శాఖకు నాయకత్వం వహించింది. రాయి ఖర్చు ఇద్దరూ పంచుకున్నారు. ఆగస్టు 7న రాయి నిలబెట్టారు. జాప్లిన్ ఆ కార్యక్రమానికి రాలేదు. అదే ఏడాది అక్టోబర్ 4న, బెస్సీని పూడ్చిన తేదీనే, ఆమె కూడా చనిపోయింది.

ఆ ఏడాదే కొలంబియా పాత పాటలన్నీ తిరిగి విడుదల చేయడం మొదలుపెట్టింది. రెండేసి రికార్డుల ఆల్బమ్‌లు ఐదు. బాగా అమ్ముడయ్యాయి. కొట్టేసిన ఆ రాయల్టీ నిబంధన సంగతి తేల్చమని వారసులు కోర్టుకు వెళ్లారు. 1979లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు, దావా వేయడానికి కాలపరిమితి ఎప్పుడో దాటిపోయిందని కేసు కొట్టేసింది.