జనగణమనకు స్వరలిపి రాసిన ఐర్లండు ఆడపడుచు

ప్రతి ఏటా మార్చి 17న ఐర్లండు పచ్చబట్ట కడుతుంది. మూడాకుల షామ్‌రాక్ రెమ్మను చొక్కాకు గుచ్చుకుని జనం చర్చికి వెళతారు, ఆపైన బాజాలతో వీధుల్లో ఊరేగుతారు. అది సెయింట్ పాట్రిక్ పండుగ. 1903 నుంచి అక్కడ చట్టబద్ధమైన సెలవుదినం. పొట్ట చేతపట్టుకుని వలస పోయిన ఐరిష్ వాళ్ళు ఈ పండుగను కూడా మూటగట్టుకు పోయారు. న్యూయార్కులో 1762లోనే ఊరేగింపు తీశారు.

నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటుంది. ఆ పాట్రిక్ ఐర్లండులో పుట్టినవాడు కాడు. బ్రిటన్‌లో పుట్టి, పదహారో ఏట బానిసగా పట్టుబడి అక్కడికి చేరాడు. ఆరేళ్ళు పశువులు కాసి, తప్పించుకుపోయి, తర్వాత తన ఇష్టంతోనే ఆ గడ్డకు తిరిగొచ్చాడు. అలాంటి పరాయివాణ్ణి ఆ జాతి తన పండుగ చేసుకుంది. మరి ఆ దేశం నుంచి మన తెలుగునేలకు వచ్చి, మనకోసం జైలుకెళ్ళిన మనిషిని మనమేం చేసుకున్నాం?

ఆవిడ పేరు మార్గరెట్ కజిన్స్. 1878 నవంబరు 7న ఐర్లండులోని బాయిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. డబ్లిన్‌లో సంగీతం చదివి 1902లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటేడు కవి జేమ్స్ కజిన్స్‌ను పెళ్ళాడారు. పియానో పాఠాలు చెప్పుకుంటూ హాయిగా బతకొచ్చు. కానీ ఆడవాళ్ళకు ఓటు లేని దేశంలో ఆవిడకు కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐర్లండు స్త్రీల ఓటుహక్కు సంఘాన్ని స్థాపించారు. 1910లో లండన్‌లో మంత్రుల ఇళ్ళ కిటికీలు పగిలిన ఆందోళనలో నెల రోజులు జైలు. 1913లో బ్రిటిష్ పాలనకు గుండెకాయలాంటి డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి మళ్ళీ జైలు. తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ నిరాహారదీక్ష పట్టారు.

ఆ ఏడే ఈ దంపతులు ఐర్లండు వదిలారు. తమాషా ఏమిటంటే, బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరింది కూడా 1913లోనే! అక్కడి స్వాతంత్ర్యపోరాటం ఆయన మీద ఎంత ముద్ర వేసిందో మనవాళ్ళు చెప్పుకుంటూనే ఉంటారు. అటునుంచి ఇటు వచ్చిన ఈవిడ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

1915లో కజిన్స్ దంపతులు మద్రాసు చేరారు. జేమ్స్ అనిబిసెంట్ పత్రికలో పనికి కుదిరారు. 1916 ఐర్లండు తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసినందుకు ఆ కొలువు పోయింది. అలా వాళ్ళు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అక్కడికి అతిథిగా వచ్చి, విద్యార్థుల ముందు జనగణమన పాడారు. మార్గరెట్ ఆ పాట విని స్వరలిపి రాశారు. ఆ నెల 28న కవి తన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించిందీ మదనపల్లెలోనే. బాణీ కూడా ఆవిడదేనని కొందరు చెబుతుంటారు, అది నిజం కాదు. బాణీ కవిదే. నోటి నుంచి నోటికి పోయే పాటను కాగితం మీద నిలబెట్టిన పని ఆవిడది. ఆవిడ గొప్పతనం చెప్పడానికి అంతకుమించి అతిశయోక్తి అక్కర్లేదు.

నన్నడిగితే అంతకన్నా పెద్ద పని ఇంకోటుంది. 1917లో అనిబిసెంటు మొదలైన వారితో కలిసి మహిళా భారత సంఘాన్ని నెలకొల్పారు. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు అడిగిన బృందం వెనుక కలం మార్గరెట్‌దే. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్నవాళ్ళకే అనుకోండి, అయినా తలుపు తెరుచుకుంది. అప్పుడు మన విశాఖ జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అంటే గోస్తనీ ఒడ్డున తగరపువలసలో మన అమ్మమ్మల తరానికి ఓటు అనే మాట చేరిన దారిలో ఈ ఐరిష్ ఇల్లాలి అడుగులున్నాయి.

1922లో మేజిస్ట్రేటు అయ్యారు. దేశంలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆవిడేనంటారు. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకకు ముఖ్యకారకులయ్యారు. మేజిస్ట్రేటు హోదా ఆవిణ్ణి ప్రభుత్వానికి దాసురాల్ని చెయ్యలేదు. 1932లో అత్యవసర శాసనాలను బహిరంగంగా ఎదిరించి ఏడాది శిక్షకు సిద్ధపడ్డారు. ఇంగ్లండు, ఐర్లండు, ఇండియా — మూడుచోట్లా చెర పెట్టింది ఒక్క ప్రభుత్వమే, చెరకు వెళ్ళింది ఒక్క మనిషే!

1940ల్లో పక్షవాతం ఆవిణ్ణి మంచాన పడేసింది. స్వతంత్ర భారతాన్ని కళ్ళారా చూసి, 1954 మార్చి 11న కన్నుమూశారు. రెండేళ్ళకు జేమ్స్ మదనపల్లెలోనే పోయారు.

ఆగస్టు 15న మన తగరపువలస బళ్ళల్లో, కాలేజీల్లో జెండా ఎగురుతుంది. పిల్లలకు చాక్లెట్లు పంచుతారు. 52 సెకన్లు నిటారుగా నిలబడి పాడతాం, ఇళ్ళకు పోతాం. నేను విద్యార్థి సంఘాన్ని కోరేది చిన్న విషయం. ఆ రోజు పాట అయ్యాక, చాక్లెట్లకు ముందు, ఒక అమ్మాయిని మైకు దగ్గరికి పిలవండి. మార్గరెట్ కజిన్స్ ఎవరో రెండు నిమిషాలు చెప్పనివ్వండి. ఖర్చు లేదు, తీర్మానం అక్కర్లేదు. ఏటా ఒకరు చెబితే చాలు, పదేళ్ళలో అది మన కళాశాల ఆచారమైపోతుంది.