విలియం లెవిట్

విలియం లెవిట్ (ఫిబ్రవరి 11, 1907 - జనవరి 28, 1994) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గృహనిర్మాణ వ్యాపారి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం న్యూయార్క్ నగర సమీపాన లెవిట్‌టౌన్ అనే ఊరిని నిర్మించి, సామాన్య ఉద్యోగికి సైతం సొంత ఇంటిని అందుబాటులోకి తెచ్చాడు. ఆ ఇళ్ళను నల్లజాతీయులకు ఇవ్వ నిరాకరించినందుకు కూడా ఇతని పేరు చరిత్రలో నిలిచిపోయింది.

తొలి జీవితం

లెవిట్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి అబ్రహాం న్యాయవాది. విలియం న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చేరినా పట్టా పుచ్చుకోకుండానే చదువు చాలించాడు. 1929లో తండ్రీకొడుకులు కలిసి లెవిట్ అండ్ సన్స్ సంస్థను నెలకొల్పారు. తమ్ముడు ఆల్ఫ్రెడ్ ఇళ్ళ నమూనాలు గీసేవాడు. డబ్బు, అమ్మకాల వ్యవహారం విలియం చూసుకొనేవాడు. మొదట్లో వీరు కట్టినవి కలిగినవారి ఇళ్ళే. యుద్ధకాలంలో వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్‌లో రక్షణ పరిశ్రమల కార్మికుల కోసం పెద్దసంఖ్యలో ఇళ్ళు కట్టవలసి రావడంతో, తక్కువ ఖర్చుతో త్వరగా కట్టే విద్య పట్టుబడింది. అటుపై విలియం నౌకాదళపు నిర్మాణ విభాగంలో పనిచేశాడు.

లెవిట్‌టౌన్ నిర్మాణం

యుద్ధం ముగిసేనాటికి అమెరికాలో ఇళ్ళకు తీవ్రమైన కొరత ఏర్పడింది. మాంద్యం, యుద్ధం కారణంగా సుమారు పదిహేనేళ్ళు నిర్మాణాలు కుంటుపడ్డాయి. తిరిగివచ్చిన సైనికులు కొత్తగా పెళ్ళిళ్ళు చేసుకొని తల్లిదండ్రుల ఇళ్ళలోనో, సైన్యం వదిలిన రేకుల షెడ్లలోనో తలదాచుకొన్నారు. 1944 నాటి మాజీ సైనికుల చట్టం వారి గృహరుణాలకు ప్రభుత్వ పూచీ కల్పించింది. అంటే కొనేవారున్నారు, అప్పిచ్చేవారున్నారు, ఇళ్ళే లేవు.

1947లో లాంగ్ ఐలాండ్‌లోని బంగాళాదుంపల పొలాలలో లెవిట్ పని మొదలుపెట్టాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అనే సామెత తెలిసిన తెలుగు పాఠకులకు ఇతని పద్ధతి వింతగా తోచవచ్చు. కార్ల కర్మాగారంలో కారు కదులుతుంది, పనివాడు నిలబడతాడు. ఇక్కడ ఇల్లు నిలబడి ఉంటుంది, పనివాళ్ళే ఇంటింటికీ కదులుతారు. పనిని 27 దశలుగా విభజించి ఒక్కొక్క దశను ఒక్కొక్క ముఠాకు అప్పగించాడు. ఒకరు రోజంతా పునాది పలక పోస్తారు, మరొకరు రంగు మాత్రమే వేస్తారు. కలప కోసం కాలిఫోర్నియాలో అడవి కొన్నాడు, మేకులు సైతం తానే తయారు చేయించాడు. కార్మిక సంఘాలను దరిచేరనివ్వలేదు. నేలమాళిగ లేని ఇల్లు అప్పటి స్థానిక నిబంధనలకు విరుద్ధం. మాజీ సైనికుల ఒత్తిడితో ఆ నిబంధన మారింది. పని ముమ్మరంగా సాగిన కాలంలో రోజుకు 30కి పైగా ఇళ్ళు పూర్తయ్యేవి.

తొలి ఇళ్ళలో రెండు పడకగదులు, ఒక స్నానాలగది, పైన వాడుకోని అటక ఉండేవి. మొదట నెలకు 60 డాలర్ల అద్దెకిచ్చి, 1949 నుండి కొత్త నమూనాను 7,990 డాలర్లకు అమ్మాడు. మాజీ సైనికులు ముందుగా ఏమీ చెల్లించనక్కరలేదు. 1951 నాటికి అక్కడ 17,447 ఇళ్ళు వెలిశాయి. 1950 జూలైలో టైమ్ పత్రిక ఇతని చిత్రాన్ని ముఖచిత్రంగా వేసింది. దేశంలో సొంత ఇళ్ళలో నివసించే కుటుంబాలు 1940లో 43.6 శాతం కాగా, 1960 నాటికి 61.9 శాతానికి చేరాయి. ఈ మార్పుకు ప్రభుత్వ పూచీయే ప్రధాన కారణం. లెవిట్ దానిని అందరికంటే ముందుగా పసిగట్టాడు.

జాతి వివక్ష

లెవిట్‌టౌన్ తొలి అద్దె ఒప్పందంలో, శ్వేతజాతీయులు కానివారు ఆ ఇంట నివసించరాదని షరతు ఉండేది. ఇంటి పనివారికి మాత్రం మినహాయింపు! ఇటువంటి షరతులను న్యాయస్థానాలు అమలు చేయరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరువాత ఒప్పందంలో ఆ వాక్యం పోయింది గాని ఆచరణ మారలేదు. ఇళ్ళ సమస్యనో జాతి సమస్యనో ఒకదానినే తాను పరిష్కరించగలనని, నల్లవారికి అమ్మితే తెల్లవారు కొనరని లెవిట్ వాదించేవాడు. రుణాలకు పూచీపడే ప్రభుత్వ సంస్థ కూడా అప్పట్లో జాతుల వేర్పాటునే ప్రోత్సహించింది. కనుక దోషం ఇతనొక్కడిదే కాదు. అయినా తానే యూదుడై, వివక్ష ఎరిగిన సమాజంలో పుట్టినవాడు ఈ వాదాన్ని పట్టుకొని వేలాడడం విచారకరం.

పెన్సిల్వేనియాలో లెవిట్ కట్టిన రెండవ లెవిట్‌టౌన్‌లో 1957 ఆగష్టులో మైయర్స్ అనే నల్లజాతి దంపతులు చేరారు. భర్త మాజీ సైనికుడు. వారు ఇల్లు కొన్నది సంస్థ వద్ద కాదు, అంతకుముందు యజమాని వద్ద. గుంపులు చేరి రాళ్ళు రువ్వాయి, రాష్ట్ర పోలీసులు రావలసి వచ్చింది. వేధింపులు వారాల తరబడి సాగాయి. ఆ దంపతులు ఇల్లు విడువలేదు. మూడవ ఊరైన న్యూజెర్సీ లెవిట్‌టౌన్ విషయంలో సంస్థ న్యాయస్థానంలో ఓడిపోయి, 1960లో అందరికీ అమ్మడానికి అంగీకరించింది. ఈలోగా 8,000 డాలర్లలోపు కొన్న ఇళ్ళు తెల్ల కుటుంబాలకు విలువ పెరిగే ఆస్తులై, పిల్లల చదువులకు, వారసత్వానికి ఆధారమయ్యాయి. అదే యుద్ధంలో పోరాడిన నల్ల సైనికులకు ఆ అవకాశం చేజారింది.

చివరి దశ

1968లో లెవిట్ తన సంస్థను ఐ.టి.టి. కంపెనీకి సుమారు 92 మిలియన్ డాలర్లకు అమ్మాడు. సొమ్ములో అధికభాగం నగదుగా కాక ఐ.టి.టి. వాటాలుగా ముట్టింది. పదేళ్ళపాటు అమెరికాలో ఇళ్ళు కట్టరాదని షరతు. వాటాలను తాకట్టు పెట్టి విదేశాలలో నిర్మాణాలు తలపెట్టగా, వాటాల ధర పడిపోయింది. ఇరాన్‌లోని పథకం 1979 విప్లవంతో చేజారింది. మూడవ భార్య సిమోన్ పేరు పెట్టిన విలాసనౌక సైతం పోయింది. కుటుంబ ధర్మసంస్థ నిధులను సొంతానికి వాడుకొన్నాడన్న అభియోగంపై న్యూయార్క్ రాష్ట్రం వ్యాజ్యం వేసింది.

మూత్రపిండాల వ్యాధితో 1994లో న్యూయార్క్ రాష్ట్రంలోని మన్‌హాసెట్‌లో మరణించాడు. అప్పటికి వైద్య ఖర్చులు చెల్లించే స్తోమత లేదు. ఆ ఆసుపత్రికి ఒకప్పుడు పెద్ద మొత్తాలు విరాళమిచ్చిన దాతలలో ఇతడొకడు.