సలీముజ్జమాన్ సిద్దీఖీ: హకీంల వేరును ల్యాబ్‌కి తెచ్చిన సైంటిస్ట్

చేతుల వణుకుని మన ఇళ్లలో పెద్దవాళ్లు రాషా అంటారు. పార్కిన్సన్స్ జబ్బులో ఆ వణుకు వెనక మెదడులో ఏం జరుగుతుందో తెలియడానికి ఒక మొక్క వేరు సాయపడింది. మన దేశంలో హకీంలు, వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్న సర్పగంధ అది. యునానీలో అస్రోల్. ఆ వేరులోని రసాయనాలను తొలిరోజుల్లోనే విడదీసినవారిలో డాక్టర్ సలీముజ్జమాన్ సిద్దీఖీ ఒకరు.

ఆయన 1897 అక్టోబర్ 19న అవధ్‌లోని బారాబంకీ జిల్లా సుబేహాలో పుట్టారు. అలీగఢ్‌లో చదివింది ఫిలాసఫీ, ఫార్సీ. 1920లో డాక్టర్ చదువుకని లండన్ వెళ్లి, ఏడాదికే అది వదిలేసి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కెమిస్ట్రీలో చేరారు. బొమ్మలు కూడా బాగా వేసేవారు. 1924లో ఆ ఊళ్లోనే ప్రదర్శన పెట్టారు. 1927లో డాక్టరేట్ వచ్చింది.

అప్పటికి ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్‌ది ఒకటే పట్టుదల. యునానీ మందులను కొత్త సైన్స్‌తో పరీక్షించాలి. అందుకే తిబ్బియా కాలేజీలో పరిశోధన సంస్థ పెట్టే పని సిద్దీఖీకి అప్పగించారు. అదే ఏడాది డిసెంబర్‌లో హకీం సాబ్ కన్నుమూశారు. సిద్దీఖీ మాత్రం వెళ్లిపోలేదు, 1940 దాకా అక్కడే పనిచేశారు. నిద్ర పట్టనివాళ్లకి, మతి చెదిరినవాళ్లకి ఇచ్చే అస్రోల్ వేరు తీసుకుని 1931లో అందులోంచి కొన్ని ఆల్కలాయిడ్లు వేరుచేశారు. ఒకదానికి హకీం సాబ్ పేరు మీద అజ్మలిన్ అని పెట్టారు. అది తర్వాత గుండె లయ తప్పినప్పుడు వాడే మందయింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. వణుకు గుట్టు విప్పింది అజ్మలిన్ కాదు. అదే వేరులోంచి 1952లో స్విట్జర్లాండ్ సైంటిస్టులు తీసిన రిసర్పిన్. దాన్ని బీపీకి, మానసిక జబ్బులకి ఇచ్చారు. కొందరు రోగులు అచ్చం పార్కిన్సన్స్ వచ్చినట్టే బిగుసుకుపోయారు, నెమ్మదించారు, వణికారు.

ఎందుకలా? మెదడు కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. కదలికలు సాఫీగా సాగాలంటే అది కావాలి. రిసర్పిన్ ఆ సంచుల్ని నిండనివ్వదు. బయట మిగిలిన డోపమిన్ విరిగిపోతుంది. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించగానే కొద్ది నిమిషాల్లో లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో, పార్కిన్సన్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లు పరీక్షిస్తే డోపమిన్ బాగా తగ్గిపోయి కనిపించింది. ఈ జబ్బులో సంచులు ఖాళీ అవడం కాదు, డోపమిన్ తయారుచేసే కణాలే చనిపోతాయి. ఇవాళ రోగులు మింగే లెవోడోపా గోళీ అంటే ఆ ఎల్-డోపానే. నడక, బిగుతు దానితో బాగా మెరుగవుతాయి గానీ, వణుకు కొందరిలో అంతగా లొంగదు. దాని వెనక డోపమిన్ ఒక్కటే లేదు.

కాబట్టి సర్పగంధ రాషాకి దవా అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లకి ఆ వేరు ఇస్తే, అసలే తగ్గిన డోపమిన్ ఇంకా తగ్గుతుంది. మూలిక కదా, ఏమవుతుందిలే అనుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. హకీం సాబ్ ల్యాబ్ కోసం అంత పట్టుబట్టింది ఇలాంటివి తేల్చడానికే.

సిద్దీఖీ తర్వాత వేపలోంచి నింబిన్ తీశారు. 1951లో పాకిస్తాన్ వెళ్లారు. 1961లో లండన్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. తొంభై దాటాక కూడా కరాచీలో ల్యాబ్ వదల్లేదు. 1994 ఏప్రిల్ 14న ఆ ఊళ్లోనే ఇంతిఖాల్ అయ్యారు.