సయ్యద్ అబ్దుల్ రహీము

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీథులలో సాయంకాలమున బంతి తన్నుచు ఆడుకొను బాలురెందరో కలరు. ఒకప్పుడు ఈ హైదరాబాదు నగరమే ఫుట్‌బాలు ఆటలో దేశమునకు మార్గము చూపినదని వారిలో పెక్కుమంది ఎరుగరు. ఆ కీర్తికి మూలపురుషుడు ఒక బడిపంతులు. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీము.

ఆయన 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఉపాధ్యాయుడై పాఠములు చెప్పుచునే ఆటయందలి మెలకువలను శ్రద్ధతో పరిశీలించెను. బంతిని తనయొద్దనే నిలుపుకొనక తోడివానికి వెంటనే అందింపవలెననియు, రెండు కాళ్లతోను సమానముగా ఆడవలెననియు శిష్యులకు నేర్పెను. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనెను.

భారత జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకము లభించెను. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరపరాజయము కలిగెను. నాడు మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి యయ్యెను. రహీము అధైర్యపడక జట్టును తీర్చిదిద్దెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆ జట్టే ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానము పొందెను.

1962 నాటికి క్యాన్సరు వ్యాధి ఆయనను క్రుంగదీయుచుండెను. అయినను జట్టుతో జకార్తాకు వెళ్లెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. పిమ్మట వరుస విజయములతో మనవారు తుదిపోటీకి చేరగా, ఎదుట నిలిచినది మరల ఆ కొరియాయే. తైవాను, ఇజ్రాయెలు క్రీడాకారులను రానీయకుండుటను భారత ప్రతినిధి యొకడు ఆక్షేపించినందున ప్రేక్షకులు మనపై ఆగ్రహముతో నుండిరి. రక్షణస్థానమున ఆడు జర్నైల్‌సింగు తలకు గాయమై యుండెను. రహీము వానిని తప్పింపక, ముందు వరుసలో నిలిపెను. అది సాహసమే, కాని శిష్యుని శక్తి గురువునకు తెలియును. సెప్టెంబరు 4వ తేదీన పి. కె. బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతోనే జర్నైల్‌సింగు మరియొక గోలు చేసిరి. భారతదేశము 2-1తో గెలిచెను.

ఆ విజయమే రహీము శిష్యుల కొసగిన కడపటి పాఠము. 1963వ సంవత్సరము జూను 11వ తేదీన ఆయన కన్నుమూసెను. దేహము శిథిలమగుచున్నను, పూనిన పనిని నడుమ విడువని ఆ పంతులు జీవితము విద్యార్థులకెల్ల ఆదర్శప్రాయము.