గోంగూర పువ్వు గుట్టు విప్పిన శేషాద్రి

చేలో రాలిపోయే పత్తి పువ్వు, పెరట్లో పూసే గోంగూర పువ్వు, బాట పక్కన దొరికే కానుగ గింజ. వీటితోనే వాల్తేరుకు ప్రపంచంలో పేరు తెచ్చిన శాస్త్రవేత్త ఆచార్య తిరువేంకట రాజేంద్ర శేషాద్రి.

ఆయన 1900 ఫిబ్రవరి 3న తమిళనాట కావేరి ఒడ్డునున్న కుళిత్తలైలో జన్మించారు. మద్రాసులో చదువుకుని, ఇంగ్లండులోని మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి 1929లో డాక్టరేటు పొందారు. తర్వాత ఆస్ట్రియా వెళ్లి, కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే దాని కూర్పును తేల్చే విద్యను ఫ్రిట్జ్ ప్రెగ్ల్ వద్ద నేర్చుకున్నారు.

1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర శాఖ బాధ్యతలు చేపట్టారు. అప్పటికి విశ్వవిద్యాలయం వయసు ఏడేళ్లే. ఖరీదైన సరుకుల కోసం ఎదురుచూడకుండా చుట్టుపక్కల దొరికే మొక్కలనే ఆయన పరిశోధనకు ఎంచుకున్నారు. పువ్వులను ఎండబెట్టి, ఆల్కహాలులో మరిగించి, వడగట్టి, ఆ సారం నుంచి పసుపు రంగు స్ఫటికాలు తీసేవారు. వాటిలో ఏ మూలకం ఎంత ఉన్నదీ, అణువు ఎలా అమరి ఉన్నదీ తేల్చేవారు. గోంగూర పువ్వులోని హైబిసిటిన్ నిర్మాణం అలా తేలినదే. శిష్యుడు రంగస్వామితో కలిసి కానుగ గింజల నుంచి పొంగమాల్‌ను వేరుచేశారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయ భవనాలను సైన్యం తీసుకుంది. కళాశాలలు గుంటూరుకు తరలిపోయాయి. కట్టుకున్న ప్రయోగశాల చేజారినా ఆయనా, శిష్యులూ పని ఆపలేదు. ఆ యుద్ధకాలంలోనూ వారి పరిశోధన పత్రాలు వెలువడుతూనే వచ్చాయి.

1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం, 1963లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1975 సెప్టెంబరు 27న కన్నుమూశారు.

ఆయన శోధించిన పసుపు రంగు పదార్థాలు ఫ్లేవనాయిడ్ల జాతికి చెందినవి. గాలి తగిలి నూనె పాడవకుండా అడ్డుకునే గుణం ఈ జాతిలో చాలావాటికి ఉందని, కొన్ని సూక్ష్మక్రిములనూ అణచగలవని ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది. హైదరాబాదులోని ఐఐసీటీ వంటి సంస్థల్లో మొక్కల రసాయనాలపై పరిశోధన నేటికీ సాగుతోంది. అయితే ప్రయోగశాల గాజు గొట్టంలో పనిచేసిన సారమల్లా మనిషికి మందు కాదు. మొక్కకు మంచి గుణం ఉందనడం సులువు. ఆ గుణం ఏ పదార్థానిదో, అది ఎంత ఉందో తేల్చిన తర్వాతే మందు మాట. ఆ మొదటి మెట్టును మన పొలం పువ్వులతో కట్టి చూపిన వాడు శేషాద్రి.