డోర్నకల్ బిషప్పు అజరయ్య

రాయచూరు: 1956 దాకా మన రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోదే. అంతకుముందు నిజాం ఏలుబడి. ఆ నిజాం రాజ్యానికే మరో కొసన డోర్నకల్ ఉంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా, రైలు జంక్షన్. తెలుగు ఒక్క ముక్క రాని ఓ తమిళుడు 1909లో సంసారంతో సహా అక్కడికొచ్చి దిగారు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య 1874 ఆగస్టు 17న అప్పటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాస్టరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా, ఆఖరి పరీక్ష వేళకు జబ్బు చేసి డిగ్రీ చేతికి రాలేదు. ఆ తర్వాత వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. మంచి ఉద్యోగమే, పేరూ వచ్చింది. అక్కడే ఉండిపోయుంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు.

ఆయన్ను తొలిచిన ప్రశ్న వేరే. సువార్త చెప్పడానికి దొరలే ఓడ దిగాలా? మనవాళ్లు కూర్చుని వినాల్సిందేనా? ఈ ప్రశ్నకు జవాబుగానే 1903లో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు తమిళ క్రైస్తవులది, మనుషులూ వాళ్లే, పెత్తనమూ వాళ్లదే. పనికి ఎంచుకున్న చోటు డోర్నకల్. ఇతరులను పంపిస్తూ తాను మాత్రం ఆఫీసులో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దారు. రెండు భాషల మధ్య బతికే మన సరిహద్దు జనానికి ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో దొరల ముఖం మీదే ఓ మాట అనేశారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదన్నది దాని సారాంశం. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకే బిషప్పు పదవి దక్కింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు.

బిషప్పంటే బంగళాలో ఉంటారనుకుంటాం. ఈయన సగం కాలం ఎడ్లబండి మీదే గడిపారు. భార్య అన్బు మరియమ్మాళ్ కూడా పనిలో సమానంగా నిలిచారు. సంఘంలో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కూలి జనం. చదువు లేదు, భూమి లేదు, ఊళ్లో మాట చెల్లదు. అలాంటివాళ్ల చేత చెయ్యి తమ తలమీదే పెట్టించి ఒక ప్రమాణం చేయించేవారు. బాప్తిస్మం పొందిన నేను సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్నది దాని అర్థం. పౌలు పత్రికలోని మాటే అది. నిన్నటిదాకా వెట్టి చేసినవాడికి, దేవుడి పనిలో నీకూ వంతుంది, అది ఇంకొకరు చేసేది కాదు అని చెప్పడమంటే చిన్న సంగతి కాదు. పల్లె టీచర్లే 1930ల నాటికి రెండు వేలు దాటారు.

అన్నీ సాఫీగా సాగాయని కాదు. బాప్తిస్మం తీసుకున్నా మాల మాదిగల మధ్య ఎడం పోలేదు. ఆయన జీవితాంతం దానితో పెనుగులాడారు. బయట గాంధీజీతో పేచీ వచ్చింది. దళితులు గుంపులుగా మతం మారడాన్ని గాంధీజీ తప్పుపట్టారు. వచ్చేవాళ్లకు తమ మంచిచెడ్డలు తెలుసన్నది అజరయ్య వాదన. ఇద్దరూ దేశం కోరినవాళ్లే, ఈ ఒక్క విషయంలో మాత్రం కలవలేదు.

డోర్నకల్ కెథడ్రల్ 1939లో పూర్తయింది. మసీదు గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాల తరహా స్తంభాలు అన్నీ ఒకే కట్టడంలో కనిపిస్తాయి. ఇంగ్లండు గుడికి నకలు వద్దన్నది ఆయన పట్టుదల.

1920ల నాటికి తుంగభద్ర అవతల కర్నూలు, నంద్యాల వైపు సంఘాలు కూడా ఆయన కిందికొచ్చాయి. అన్ని ప్రొటెస్టెంటు సంఘాలూ ఒకటి కావాలని 1919 నుంచి పాటుపడ్డారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది మాత్రం 1947 సెప్టెంబరు 27న. నంద్యాల సంఘాల్లో చాలామంది అప్పుడూ చేరలేదు. వాళ్లు కలిసేసరికి 1975 అయింది.