పంతుళ్లకు పంతులు జాషువాగారు

గత వేసవిలో మా రాజోలు సంఘములో సెలవుల బైబిలు పాఠశాల జరుగుచుండగా ఉపాధ్యాయురాలొకరు మా వద్దకు వచ్చారు. పేట ఊరికి దూరముగా ఎందుకున్నదని ఒక పిల్లవాడు అడిగాడట. ఊరి పిల్లలు, పేట పిల్లలు ఒకే చాప మీద కూర్చున్న తరగతి అది. ఆమెకు ఏమి చెప్పుటకు తోచక పాట ఎత్తుకొన్నారట. అప్పుడు మాకు గుర్రం జాషువాగారు జ్ఞాపకము వచ్చారు.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తండ్రి యాదవులు, తల్లి మాదిగ. క్రైస్తవ గృహమే అయినను కులనింద తప్పలేదు. సొంత ఊరి అవధాన సభలో పద్యము చదివినందుకు, ఇతనిని లోనికెందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. చిన్న జీతపు బడిపంతులు పని పోగా మన గోదావరి ఒడ్డుకు, రాజమండ్రికి వచ్చి 1915-16లో మూగచిత్రములకు కథ, సంభాషణలు చదివారు. తరువాత గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో పదేండ్లు పనిచేశారు. అనగా పంతుళ్లకు పంతులు. మనవారికి ఆయన బిరుదులు తెలిసినంతగా ఈ సంగతి తెలియదు.

1941లో ‘గబ్బిలము’ వెలువడినది. అస్పృశ్యుడొకడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనుట అందలి కథ. మనిషికి మూసిన గుడిలోనికి గబ్బిలము పోగలదు. ఇది విన్న బిడ్డ, ఏ కులపు బిడ్డయైనను, గబ్బిలమునకున్న పాటి హక్కు ఆ మనిషికెందుకు లేదని అడుగును. ఉపాధ్యాయులు ఎవరినీ వేలెత్తి చూపనక్కరలేదు. పేట పిల్లవానిని లేపి నీ అనుభవము చెప్పుమని నొప్పింపను అక్కరలేదు. కథలోని మనిషిని గూర్చి మాట్లాడిన పిమ్మట, తమ సంగతి చెప్పవలెనో లేదో పిల్లలే నిశ్చయించుకొందురు.

పురాణ కథలు వ్రాసినందుకు క్రైస్తవులలోనే కొందరు జాషువాగారిని నిరసించారు. ఇది మనము దాచరాదు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది, ఇప్పుడు ఆయన మనవాడని అందరమూ చెప్పుకొనుచున్నాము. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

మరునాడు ఆ ఉపాధ్యాయురాలు గబ్బిలము కథ చెప్పారు. పిల్లలు చాలసేపు పలుకలేదట. ఆమె ఈసారి పాట ఎత్తుకొనలేదు. చివరకు మన సంఘపు పిల్లవాడే ఒకడు లేచి, ఈ పేటకొక గుడి, ఆ పేటకొక గుడి ఎందుకున్నవని అడిగాడు. దానికి జవాబు అయ్యగారే చెప్పవలెనని ఆమె వానిని మా వద్దకు పంపించారు.